క్షమించినవాడే భరిస్తాడు



ఈ రోజు గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం 12 గంటల నుంచి 3 గంటల దాకా మన ఊళ్ళలో చాలా చర్చిల్లో ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సిలువ మీద వేలాడుతూ యేసు పలికిన మాటలు నాలుగు సువార్తల్లో కలిపి ఏడు కనిపిస్తాయి. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగిస్తారు. మధ్యమధ్య పాటలు పాడతారు. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు ఆ మూడు గంటలూ కదలకుండా కూర్చుంటారు. క్యాథలిక్ దేవాలయాల్లో ఈ రోజు పూజ ఉండదు, గంట మోగదు. సిలువ మార్గంలోని 14 స్థలాల దగ్గర మోకరిస్తూ నడుస్తారు. తెలుగువాళ్ళకు ఈ కథ కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి రాసిన కీర్తనలు ఇప్పటికీ మా ఆరాధనల్లో పాడుకుంటున్నాం. గుర్రం జాషువా రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఈ మరణం గురించి క్రైస్తవులు చెప్పేది ఒక్కటే. ఆయన మన పాపాల కోసం చనిపోయాడు, ఆ చావు వల్ల మనకు క్షమాపణ దొరికింది. ఊయలలో ఉన్నప్పటి నుంచీ వింటున్న మాకు ఇది అలవాటైపోయింది. కొత్తగా వినేవాళ్ళకు మాత్రం సందేహం వస్తుంది. రావాలి కూడా. ఎవరు చేసింది వాళ్ళు అనుభవించాలి గదా, ఒకరి తప్పుకు ఇంకొకరు చావడమేమిటి? దేవుడు దయగలవాడైతే ఊరికే క్షమించేస్తే పోయేది, మధ్యలో ఈ రక్తం, ఈ మేకులు ఎందుకు? క్రైస్తవులు కాని స్నేహితులు నన్ను ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారు. దీన్ని దాటేసి భక్తి పాఠాలు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈ కాస్త సమయంలో ఆ ప్రశ్ననే పట్టుకుని మాట్లాడతాను.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. యేసును మొదట నమ్మినవాళ్ళు యూదులు. ఆయన మరణాన్ని అర్థం చేసుకోవడానికి వాళ్ళకు రెండు ఆధారాలు ముందే ఉన్నాయి. ఒకటి పస్కా పండుగ. ఐగుప్తులో బానిసత్వం నుంచి విడుదలైన రాత్రి ఇశ్రాయేలీయులు గొర్రెపిల్లను కోసి, దాని రక్తం గుమ్మం నిలువుకమ్ములకూ పైకమ్మికీ పూశారని నిర్గమకాండం చెబుతుంది. యేసును సిలువ వేసింది ఆ పండుగ రోజుల్లోనే. రెండోది ప్రాయశ్చిత్త దినం. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ప్రధాన యాజకుడి వస్త్రాలంటే మామూలువి కావు. బంగారు దారాలతో నేసిన ఏఫోదు అనే పైవస్త్రం, రత్నాలు పొదిగిన పతకం, అంచున చిరుగంటలు కట్టిన అంగీ. ఆ ఒక్క రోజు మాత్రం అవన్నీ విప్పి పక్కన పెట్టి, స్నానం చేసి, సాదా నారబట్టలు కట్టుకుని వస్తాడు. ముందు తన కోసం, తన ఇంటివాళ్ళ కోసం ఒక కోడెను బలి ఇస్తాడు. పదిమంది తరఫున నిలబడేవాడు కూడా పాపే అని అందరి ఎదుటా ఒప్పుకోవడం అది. ఆ తర్వాత ప్రజల తరఫున రెండు మేకపోతుల్ని తెచ్చి చీట్లు వేస్తారు. ఒకటి బలి అవుతుంది. దాని రక్తం తీసుకుని యాజకుడు తెర దాటి అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్తాడు. ఏడాదిలో మనిషి ఆ తెర దాటేది ఆ ఒక్క రోజే. బయటికి వచ్చాక రెండో మేక తల మీద తన రెండు చేతులూ ఉంచి, ప్రజల తప్పులన్నీ నోరు తెరిచి ఒప్పుకుంటాడు. ఒక మనిషి ఆ మేకను తోలుకుపోయి అడవిలో వదిలేసి వస్తాడు.

పాపం ప్రాణం మీదికి తెస్తుందని మొదటి మేక చెబుతుంది. ఆ పాపాన్ని దేవుడు మోయించి కనపడనంత దూరం పంపేస్తాడని రెండోది చెబుతుంది. దేవుణ్ణి మంచి చేసుకోవడానికి మనుషులు కనిపెట్టిన తంతు కాదిది. దేవుడే ఇచ్చిన ఏర్పాటని లేవీయకాండం విడమరిచి చెబుతుంది. కనికరం లేనివాడు ఎన్ని పొట్టేళ్ళు తెచ్చినా దేవుడికి అక్కర్లేదని హోషేయ, మీకా లాంటి ప్రవక్తలు మొహం మీదే చెప్పారు.

కొత్త నిబంధనలోని హెబ్రీయులకు రాసిన పత్రిక ఇక్కడే పట్టుకుంటుంది. ఈ బలి పనిచేసి ఉంటే మళ్ళీ ఏడాది మళ్ళీ ఎందుకు చేయాల్సి వస్తోందని అడుగుతుంది. యాజకులు సేవ చేసే ప్రత్యక్ష గుడారంలో దీపస్తంభం ఉంది, రొట్టెల బల్ల ఉంది, ధూపవేదిక ఉంది. యాజకుడు కూర్చోవడానికి పీట మాత్రం లేదు. ఆయన రోజూ నిలబడే ఉంటాడు, ఎందుకంటే ఆయన పని ఎన్నటికీ తెమలదు. క్రీస్తు తనను తానే ఒక్కసారి అర్పించుకుని కూర్చున్నాడని ఆ పత్రిక రాసినాయన అంటాడు. మేకల రక్తం చేయలేనిది ఆ ప్రాణం చేసిందని ఆయన వాదన. యేసు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందిదాకా చినిగిందని సువార్తలు రాశాయి. క్రీస్తు శకం 70లో రోమన్ సైన్యం ఆ దేవాలయాన్నే కూల్చేసింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఊరికే క్షమించేస్తే పోదా? ఊరికే క్షమించడం అనేది లోకంలో ఎక్కడైనా ఉందా అని నేను తిరిగి అడుగుతాను. మీ దగ్గర ఒకాయన రెండు లక్షలు తీసుకుని ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. తీర్చలేకపోయాడు. మీరు జాలిపడి నోటు చింపేశారు. ఆయనకు అప్పు లేదు, నిశ్చింతగా ఇంటికి పోయాడు. మరి ఆ రెండు లక్షలు ఏమయ్యాయి? గాలిలో కలిసిపోలేదు. అమ్మాయి పెళ్ళికని మీరు దాచుకున్న డబ్బు మీకు లేకుండా పోయింది. ఆయన పడాల్సిన బరువు మీ మీద పడింది. క్షమించినవాడే భరిస్తాడు. డబ్బు సంగతిలో ఇది లెక్కల్లో తెలిసిపోతుంది. మన పరువు తీసినవాణ్ణి, నమ్మించి గొంతు కోసినవాణ్ణి క్షమించినప్పుడు లెక్కల్లో కనపడదు. అక్కడ కూడా జరిగేది ఇదే. తిరిగి కొట్టే హక్కు ఉండీ కొట్టకపోతే ఆ దెబ్బ మన దగ్గరే ఆగిపోతుంది, దాని నొప్పి మనమే పడతాం. కొలస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఎత్తుకున్నది కూడా అప్పు పత్రం మాటే. మనకు విరోధంగా ఉన్న ఆ పత్రాన్ని దేవుడు సిలువకు మేకు కొట్టి రద్దు చేశాడంటాడు.

కాబట్టి దేవుడు ఊరికే క్షమించలేదు, భరించి క్షమించాడు. ఆ భరించడం మనుషుల కంటికి కనిపించిన చోటు, యేసును సిలువ వేసిన గొల్గొతా.

సరే, దేవుడి దగ్గర మనం చేసిన అప్పు యేసు మీద ఎందుకు పడాలి? తండ్రి తన కోపం కొడుకు మీద తీర్చుకున్నాడా? కొన్ని ప్రసంగాలు వింటే అలాగే అనిపిస్తుంది. అక్కడ ప్రసంగీకులే పొరబడుతున్నారని నా అభిప్రాయం. సంబంధం లేని అమాయకుణ్ణి పట్టుకుని శిక్షిస్తే ఏ ఊరి పంచాయితీ కూడా దాన్ని న్యాయం అనదు. క్రైస్తవులు నమ్మేది వేరు. సిలువ మీద ఉన్నది మూడో మనిషి కాదు, మనిషిగా వచ్చిన దేవుడే. అప్పు ఇచ్చినవాడే నష్టం భరించాడు. ఈ సంగతి వదిలేస్తే సిలువ ఒక క్రూరమైన కథగా మిగులుతుంది. పైగా యేసును ఎవరో లాక్కుపోతే పోయినవాడు కాదు. తన ప్రాణం ఎవరూ తీసుకోవడం లేదనీ తానే ఇస్తున్నాననీ ముందే చెప్పినట్టు యోహాను రాశాడు. అలాగని భయమెరగని వీరుడిలా నడిచి వెళ్ళాడని కూడా సువార్తలు చెప్పవు. గెత్సేమనే తోటలో, వీలైతే ఈ గిన్నె తన నుంచి తొలగిపోవాలని నేల మీద పడి వేడుకున్నాడు. వెళ్ళక తప్పదని తెలిశాక లేచి వెళ్ళాడు.

ఇదంతా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి సంఘం రెండువేల ఏళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉంది. తొలి శతాబ్దాల బోధకులు చాలామంది దీన్ని సాతాను చెర నుంచి విడిపించిన విజయంగా చూశారు. 1098 ప్రాంతంలో కాంటర్బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్, తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగింది దేవుడు, అందుకే దేవుడు మనిషయ్యాడని వాదించాడు. తర్వాతి తరంలో అబెలార్డ్, ఆ ప్రేమను చూసి మన గుండె మారడం మీద దృష్టి పెట్టాడు. కాల్విన్ మనకు రావాల్సిన శిక్షను ఆయన మోశాడన్న కోణాన్ని ముందుకు తెచ్చాడు. 1930ల మొదట్లో స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్ మళ్ళీ ఆ పాత విజయం మాట ఎత్తాడు. నికాయ విశ్వాస ప్రమాణం మాత్రం ఇందులో ఏ ఒక్కదాన్నీ ఎంచుకోలేదు. మన కోసం సిలువ వేయబడ్డాడని, పాపక్షమాపణ ఉందని చెప్పి అక్కడితో ఆగింది. నాకు ఇది లోటుగా అనిపించదు. వివరణలు మారినా, క్షమాపణను దేవుడే మోశాడన్న మాట ఏ కాలంలోనూ మారలేదు.

దేవుడు మోసి ఇచ్చినదాన్ని మనం కొనలేం. 1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ తన 95 వాదాలతో నిలదీసింది దీని గురించే. రోములో సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణానికి నిధుల పేరుతో, పాపానికి పడే శిక్ష తగ్గుతుందంటూ జర్మనీలో పత్రాలు అమ్మారు. ఆ డబ్బు వసూళ్ళను 1567లో పోప్ ఐదో పయస్ రద్దు చేశాడు. 1999లో క్యాథలిక్కులూ లూథరన్లూ కలిసి, మనిషి దేవుని ఎదుట నిర్దోషి అయ్యేది కృప వల్లనే అని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. అంతా సర్దుకుందనుకుంటే పొరపాటు. ఇంత కానుక వేస్తే అంత దీవెన అనే మాటలు ఇప్పుడు మన తెలుగు టీవీల్లో వింటున్నాం. పేదవాడి చేతిలోని వంద రూపాయల నోటుకు దేవుని దయను వెలకట్టి చూపడం చూస్తే నాకు కడుపు మండుతుంది. కానుక కృతజ్ఞత కొద్దీ ఇచ్చేది. క్షమాపణకు ధర ఎప్పుడో చెల్లిపోయింది.

ఇక యేసు శిష్యుడు పేతురు సంగతి చెప్పాలి. క్షమాపణకు లెక్క అడిగినవాడు ఆయన. నా సోదరుడు నా పట్ల తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు సరిపోతుందా అన్నాడు. ఏడు అనడమే తన దృష్టిలో పెద్ద మనసు. యేసు ఆ ఏడును డెబ్బై రెట్లు చేసి, ఒక కథ చెప్పాడు. రాజుగారికి ఒక దాసుడు 10,000 తలాంతులు బాకీ పడ్డాడు. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం కూలివాడి ఒక రోజు కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా ఆ బాకీ తీరడానికి 2 లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ దాసుడు మాత్రం, కొంచెం ఓపిక పట్టండి, మొత్తం తీరుస్తానని కాళ్ళ మీద పడ్డాడు. తన అప్పు ఎంతో వాడికే తెలియలేదు. రాజు గడువు ఇవ్వలేదు, మొత్తం కొట్టేశాడు. వాడు బయటికి వచ్చి, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఆ నూరు దేనారాలు కూడా చిన్న మొత్తమేమీ కాదు, మూడు నెలల పైచిలుకు కూలి. మనకు జరిగిన అన్యాయం చిన్నదని యేసు చెప్పలేదు. మనకు క్షమించబడిన అప్పు పక్కన పెట్టి చూడమన్నాడు.

ఆ కథ విన్న పేతురే కొన్నాళ్ళకు బాకీదారుగా నిలబడ్డాడు. యేసును పట్టుకెళ్ళిన రాత్రి చలిగా ఉంది. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట పనివాళ్ళు, బంట్రోతులు బొగ్గుల మంట వేసుకుని చలి కాచుకుంటున్నారు. పేతురు వాళ్ళలో కలిసి నిలబడ్డాడు. నువ్వూ వాడి మనిషివే గదా అని ముగ్గురు అడిగితే మూడుసార్లూ ఎరగనని బొంకాడు. కోడి కూసింది. యేసు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడని లూకా ఒక్క వాక్యంలో రాశాడు. పేతురు బయటికి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాడు.

యేసు మరణం నుంచి మళ్ళీ లేచాక, తిబెరియ సముద్రం దగ్గర ఒక ఉదయం. పేతురూ మిగిలినవాళ్ళూ రాత్రంతా వల వేసి ఏమీ పట్టలేకపోయారు. ఒడ్డున ఒకాయన నిలబడి, పడవకు కుడివైపు వేయమన్నాడు. 153 పెద్ద చేపలు పడ్డాయి. పేతురు నీళ్ళలోకి దూకి ఒడ్డుకు వచ్చాడు. అక్కడ బొగ్గుల మంట ఉంది. దాని మీద చేపలు కాలుతున్నాయి, పక్కన రొట్టె ఉంది. యోహాను సువార్త మొత్తంలో బొగ్గుల మంట కనిపించేది ఈ రెండు చోట్లే. ఒడ్డున నిలబడ్డ యేసు ముందు వాళ్ళకు భోజనం పెట్టాడు. అందరూ తిన్నాక, నన్ను ప్రేమిస్తున్నావా అని పేతురును అడిగాడు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి పేతురు మనసు చివుక్కుమంది. ఎందుకు బొంకావని యేసు ఒక్కమాట అనలేదు, అలాగని ఆ రాత్రి సంగతి తుడిచేయనూ లేదు. మూడుసార్లు తప్పిన నోటితోనే మూడుసార్లు ప్రేమిస్తున్నానని చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ తన మందను కాయమని పని అప్పగించాడు. క్షమాపణ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఈ అధ్యాయం నేర్పినంత మరేదీ నేర్పలేదు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. భార్యను కొట్టి కొట్టి, ఆదివారం ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకునే మగవాళ్ళు మన మధ్య ఉన్నారు. నువ్వు విశ్వాసురాలివి గదమ్మా, క్షమించి సర్దుకుపో అని ఆమెను తిరిగి ఆ ఇంటికే పంపే పెద్దలూ ఉన్నారు. సిలువ పేరు చెప్పి అలా పంపడం తప్పు. క్షమించడమంటే జరిగింది తప్పు కాదనడం కాదు. పాపం అంత చిన్నదైతే దేవుడు సిలువ దాకా పోవాల్సిన పనే లేదు. యెరికోలో జక్కయ్య అనే సుంకరుల పెద్ద ఉండేవాడు. మేడిచెట్టు ఎక్కి యేసును చూసినవాడు. యేసు అతని ఇంటికి అతిథిగా వెళ్ళాడు. జక్కయ్య అక్కడే నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననీ చెప్పాడు. క్షమాపణ పొందినవాడికి కలిగే మార్పు అది. కొట్టే చేయి ఆగనిచోట మనం ముందు చేయాల్సింది ఆమెను కాపాడటం, అవసరమైతే పోలీస్ స్టేషన్ దాకా తోడు వెళ్ళడం.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్తనూ ఇద్దరు పిల్లల్నీ సజీవదహనం చేస్తే, గ్లాడిస్ స్టెయిన్స్ హంతకుల్ని క్షమించానని చెప్పారు. క్షమాపణ వేరు, నేరానికి చట్టపరంగా వచ్చే ఫలితం వేరు, రెండూ కలపకూడదని కూడా ఆవిడే అన్నారు. ఆ తేడా మన సంఘపెద్దలందరికీ తెలియాలి.

ఇంకొక స్త్రీ గురించి మన తెలుగువాళ్ళకు అంతగా తెలియదు. సిస్టర్ రాణీ మరియా కేరళలో పుట్టిన సన్యాసిని. మధ్యప్రదేశ్‌లో ఇండోర్‌కు దూరంగా ఉదయ్‌నగర్‌లో భూమి లేని ఆదివాసీల మధ్య పనిచేసేది. వాళ్ళు వడ్డీవ్యాపారుల చేతిలోంచి బయటపడేలా సంఘాలు కట్టించింది. అది కొందరికి కంటగింపు అయింది. 1995 ఫిబ్రవరి 25న ఆమె ఎక్కిన బస్సులోనే, తోటి ప్రయాణికుల ఎదుట, కిరాయికి వచ్చిన ఒక యువకుడు ఆమెను కత్తితో పొడిచి చంపాడు. ఒంటి మీద 50కి పైగా గాయాలు. వయసు 41. ఆమె చెల్లెలు సెల్మీ పాల్ కూడా సన్యాసినే. 2002లో రాఖీ పండుగకు ఆ చెల్లెలు జైలుకు వెళ్ళి, అక్కను చంపిన చేతికి రాఖీ కట్టింది. తర్వాత అతని విడుదలకు కూడా ఆ కుటుంబం సమ్మతించింది. 2006లో అతను బయటికి వచ్చాడు. కేరళ వెళ్ళి ఆ ఇంటివాళ్ళ ముందు నిలబడి క్షమాపణ అడిగాడు. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో క్యాథలిక్ సంఘం రాణీ మరియాను ధన్యురాలిగా ప్రకటించింది. ఆ రాఖీ కట్టడానికి సెల్మీ పాల్ ఎంత మింగుకుని ఉంటుందో మనం ఊహించగలం. అక్క తిరిగి రాలేదు. ఆ లోటు వాళ్ళే భరించారు.

ఎల్లుండి ఆదివారం ఈస్టర్. తెల్లవారుజామునే లేచి, తెల్లబట్టలు కట్టుకుని, కానుక కవరు పట్టుకుని చర్చికి బయల్దేరే నా సోదరీ సోదరులకు నా విన్నపం ఇది. బలిపీఠం ముందు కానుక పట్టుకుని నిలబడ్డాక, సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు అతనితో సమాధానపడి రమ్మని యేసే చెప్పాడు. మీ అన్నగారితో పొలం గట్టు దగ్గర మాట పోయి ఉండవచ్చు. కోడలితో పలకరింపు ఆగిపోయి ఉండవచ్చు. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా ప్రభు రాత్రి భోజనం తీసుకుంటూ ఉండవచ్చు. తప్పు మీదైతే, తీసుకున్నది తిరిగిచ్చి క్షమాపణ అడగండి. తప్పు అవతలివాళ్ళదై, వాళ్ళు మారి మీ గుమ్మం ముందు నిలబడితే, గొంతు పట్టుకోకండి. ఇంకా రేపంతా సమయం ఉంది. ఆదివారం ఆరాధనకు ముందే వెళ్ళి మాట్లాడి రండి.